ఎవరితోనూ మాట్లాడని పెళ్లికొడుకు

ఆ ఉదయానికి టీచరమ్మ వేసుకున్న లెక్క చాలా చిన్నది. తొమ్మిదింటికి పూలు, పదింటికి బండి, పదకొండుకల్లా నాన్నను సాగనంపడం. "నా చావుకు సందడి చెయ్యకే, తెలిసిన నలుగురుంటే చాలు" అని ఆయనే చెప్పి పోయారు. నలభై ఏళ్లు చొక్కాలు కుట్టిన దర్జీ. ఎంత తొందరలో ఉన్నవాడినైనా సరే, కొత్త చొక్కా తొడిగి, కాలరు బొత్తం తన చేత్తో పెట్టి, భుజం తట్టి గానీ పంపేవారు కాదు. ఇప్పుడు ఆయన ఒంటిమీద ఆయనే కుట్టుకున్న చివరి చొక్కా ఉంది. కాలరు బొత్తం మాత్రం కూతురు కావాలనే వదిలేసింది. బండి ఎక్కించే ముందు తానే పెట్టి, తానే భుజం తట్టి పంపాలని ఆమె కోరిక. అంతకు మించి ఆమెకేమీ అక్కర్లేదు.

ఖర్మ కాలి అదే రోజు ఊళ్లో ఒక సినిమా హీరో పెళ్లి. ఎక్కడో ఎవరికీ తెలియదు. పెళ్లి రహస్యమని చాటింపు వేసి మరీ చెప్పారు. పెళ్లికూతురు మాత్రం ఒక ఇంటర్వ్యూలో తెల్లపూలు తప్ప వేరేవి వాడనని నోరు జారింది. దాంతో టీవీవాళ్లు వారం రోజులుగా పూలకొట్ల ముందు కాపు కాస్తున్నారు. తెల్లపూల వ్యాను బయల్దేరగానే పదిహేను కార్లు వెంటపడ్డాయి. వ్యాను తిన్నగా దర్జీ ఇంటిముందు ఆగింది.

"మేడమ్, పెళ్లి ఇక్కడేనా?" అంటూ రిపోర్టరు పిల్ల మైకు ముక్కు కింద పెట్టింది.

"పెళ్లేంటమ్మా! ఇది చావిల్లు."

రిపోర్టరు కెమెరా వైపు తిరిగి కన్ను గీటింది. "చూశారా, ఎంత పకడ్బందీగా దాస్తున్నారో!"

టీచరమ్మ తలుపు వేసుకుంది. టీవీవాళ్లకు పక్కింటి పిన్నిగారు దొరికింది. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప ఆవిడకు వేరే విద్య రాదు.

"లోపల ఆయనేం చేస్తున్నారండీ?"

"ఇందాకే స్నానం చేయించారు. కొత్త చొక్కా తొడిగారు."

"టెన్షన్‌గా ఉన్నారా?"

"అబ్బే, ప్రశాంతంగా ఉన్నారు. ఎవరితోనూ మాట్లాడటం లేదు."

"బయటికి ఎప్పుడొస్తారు?"

"పదింటికి. నలుగురు మోసుకొస్తారు."

"భుజాలమీద వస్తాడట!" అని కెమెరామన్ గంతేశాడు. స్టూడియోలో ఒక మనస్తత్వ నిపుణుడు పెళ్లికొడుకు మౌనాన్ని అరగంట విడమరిచి చెప్పాడు. అభిమానులతో సందు నిండిపోయింది. శవాన్ని తీసుకెళ్లాల్సిన బండి సందు చివర ఇరుక్కుపోయింది, దాన్ని తేవడానికి వెళ్లిన టీచరమ్మ భర్త కూడా అక్కడే ఇరుక్కుపోయాడు.

చివరికి కెమెరామన్ కిటికీ ఎక్కి లోపలికి చూశాడు. దిగి రిపోర్టరు చెవిలో సంగతి చెప్పాడు. ఇంకొకరైతే క్షమాపణ చెప్పి ఇంటికి పోయేవారు. కానీ పొరపాటనే మాట ఆ చానల్లో అంతవరకు ఎవరూ పలకలేదు. రెండు నిమిషాల్లో తెరమీద ఎర్ర అక్షరాలు పరిగెత్తాయి: "పెళ్లింట విషాదం. హీరో తొలి చొక్కా కుట్టిన దర్జీ కన్నుమూత."

నలభై లక్షలమంది చూస్తున్నారని తెలియగానే హీరోకు దుఃఖం ఆగలేదు. నల్లకళ్లద్దాలతో, ఇరవైమంది అంగరక్షకులతో వచ్చి వాలాడు. దర్జీ మొహం అతను చూడటం అదే మొదటిసారి.

"బయటికి నడవండి, బయటికి! దగ్గరివాళ్లు మాత్రమే ఉండాలి" అని అంగరక్షకుడు ఇల్లు ఖాళీ చేయించాడు.

"నేను ఆయన కూతుర్నయ్యా! ఒక్క బొత్తం పెట్టి వచ్చేస్తాను."

"ఇప్పటికి తొమ్మిదిమంది కూతుళ్లొచ్చారమ్మా. జరగండి."

హీరో పాడెకు భుజం పట్టాడు. శవాన్ని ఎక్కించుకున్న అతని కార్లకు దారి దానంతటదే వచ్చింది. టీచరమ్మ సందు చివరిదాకా పరిగెత్తి, జనంలో చెప్పు పోగొట్టుకుని, పిన్నిగారి చెయ్యి పట్టుకుని వాళ్లింటికొచ్చి కూలబడింది.

టీవీలో నాన్న కనిపించారు. కెమెరా ముఖానికి బాగా దగ్గరగా వెళ్లింది. కాలరు బొత్తం ఇంకా పెట్టకుండానే ఉంది.

"ఈ పెద్దాయనకు నా అన్నవాళ్లే లేరట," అంటోంది రిపోర్టరు గద్గద స్వరంతో. "కన్నకూతురు కూడా రాలేదు. హీరోగారే కొడుకై సాగనంపుతున్నారు."

పిన్నిగారు రిమోట్ అందుకోబోయింది.

"కట్టెయ్యకు పిన్నీ."

టీచరమ్మ లేచి టీవీ దగ్గరికి వెళ్లింది. తెరమీద నాన్న మెడ దగ్గర రెండు వేళ్లు ఆనించింది.

"ఒక్క నిమిషం నాన్నా..."

అంతలో ప్రకటనలు వచ్చాయి.