ఉప్పు కాటా మీద ఎకో బెంట్సిల్

ఆ శుక్రవారం పొద్దున ఎకో బెంట్సిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య అరాబా లేచి పొయ్యి రాజేసేలోగా ఇంట్లోంచి బయటపడాలి. కడుపునిండా నీళ్లు తాగాలి. మధ్యాహ్నం దాకా ఏమీ తినకూడదు. ఎవరైనా అడిగితే తిన్నానని చెప్పాలి. అంతకుముందు వారాల్లో ఇదే పథకం బాగానే నడిచింది కాబట్టి ఆ రోజు కూడా నడుస్తుందని అతని నమ్మకం.

సాల్ట్‌పాండ్‌లో వ్యాన్ల స్టాండుకి అతను ఇన్‌ఛార్జి. అక్రా వెళ్లేవాళ్లను ఒక పక్కకి, కేప్ కోస్ట్ వెళ్లేవాళ్లను మరో పక్కకి తోలుతూ పొద్దంతా కేకలు వేయడం అతని ఉద్యోగం. ఆ గొంతుకి తగ్గ మనిషే. అతను ముందు సీట్లో కూర్చుంటే డ్రైవరు గేరు మార్చడానికి అనుమతి అడగాలి. ఇది స్టాండులో పాత జోకు. అన్నయ్య క్వామెనా పోయేదాకా ఎకో కూడా దానికి నవ్వేవాడు.

క్వామెనా తమ్ముడికన్నా లావు. భార్య పోయాక రోజూ సాయంత్రం తమ్ముడింటికే భోజనానికి వచ్చేవాడు. వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం అరాబా చేసిన పామ్ గింజల పులుసు మెచ్చుకుంటూ, ఇంకొంచెం వెయ్యమ్మా అని, అది వచ్చేలోగా ముందుకి ఒరిగిపోయాడు. చెయ్యి గిన్నెలోనే ఉంది. అతని కొలతకి శవపెట్టె దొరక్క కొత్తది చేయించాల్సి వచ్చింది. మోసేవాళ్లు దాన్ని దారిలో దించుతూ, తిట్టుకుంటూ, దించినందుకు మళ్లీ క్షమించమని శవాన్నే వేడుకుంటూ శ్మశానం చేర్చారు. పెట్టె వెనకాల నడుస్తూ ఎకో తన బొజ్జకేసి చూసుకున్నాడు.

మర్నాడే క్లినిక్‌కి వెళ్లాడు. నర్సు సిస్టర్ గిఫ్టీ బీపీ చూసి పెదవి విరిచింది.

"మీ అన్నగారి దారిలోనే ఉన్నావు. తగ్గాలి. పూట మానెయ్యొద్దు. సగం కంచం ఆకుకూరలు, పిడికెడు ముద్ద, ఒక చేప ముక్క. ఆకలేస్తే ముందు నీళ్లు తాగి చూడు. మెల్లగా నములు. మీ ఆవిణ్ణి ఒకసారి తీసుకురా, ఎలా వండాలో నేను చెప్తాను."

ఎకో ఈ సలహాల్లో మొదటిదీ చివరిదీ వదిలేసి మిగతావన్నీ నిష్ఠగా పాటించాడు. పూట మానేస్తే ఇంకా తొందరగా తగ్గుతాననుకుని, మధ్యాహ్నం ఒక్కసారే, స్టాండుకి దూరంగా ఎవరి కంటా పడకుండా, ఆ సగం కంచం తినేవాడు. భార్యకి చెప్పడం మాత్రం అతనివల్ల కాలేదు. అన్నయ్య పోయిన దగ్గర్నుంచి అరాబా ఆ పులుసు వండటం మానేసింది. ఆ గిన్నెని అటకమీద బోర్లించింది. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి, నీ వంట తింటే నేనూ పోతానట అని ఏ నోటితో చెప్పాలి?

అందుకని, "స్టాండులో తిన్నాను" అని చెప్పడం మొదలుపెట్టాడు.

నిజానికి స్టాండులో తినకుండా ఉండటమే నరకం. ఒక పక్క మూకుట్లో పండు అరటి ముక్కలు వేగుతుంటాయి. ఇంకో పక్క మాన్సా పొగబెట్టిన చేపల బుట్ట తెరుస్తుంది. పదింటికల్లా కడుపులో ఎలుకలు పరుగులు పెట్టేవి. నీళ్లు తాగితే కాసేపు ఊరుకుని, తర్వాత ఈత కొడుతున్నట్టు తిరిగేవి. ఒకరోజు అక్రా బండిని కేప్ కోస్ట్ వైపు పంపించాడు. ప్రయాణికులు తిడుతుంటే వాళ్ల చేతుల్లో ఉన్న కెంకే, అదే ఉడికించిన మొక్కజొన్న ముద్దల పొట్లాలే కనిపించాయి గాని మొహాలు కనిపించలేదు.

ఇక తూకం సంగతి. క్లినిక్‌లో ఉన్న మిషను అతను ఎక్కగానే ముల్లు చివరికి పోయి ఇరుక్కుంది. సిస్టర్ గిఫ్టీ దాన్ని తట్టి, వంచి, చివరికి నిట్టూర్చింది. "నీకిది చాలదు. బజార్లో ఎసీ బోట్వే ఉప్పు కొట్టులో బస్తాల కాటా ఉంది. వారానికోసారి అక్కడ తూగి నాకు చెప్పు. ప్రతిసారీ ఒకేలాంటి బట్టలతో తూగాలి."

ఎసీ బోట్వే భర్త పోయిన మనిషి. కొట్టంతా తనే నడుపుతుంది, ఎవరినీ ఖాతరు చెయ్యదు. ఎకో సంగతి విని ఆమె నవ్వలేదు. శుక్రవారం పొద్దున్నే, కూలీలు రాకముందు రమ్మంది. అతను చొక్కా, బెల్టు, చెప్పులు విప్పి కాటా ఎక్కేవాడు. బజారు వాళ్లు చూసి నవ్వకుండా ఆమె తలుపు దగ్గరగా వేసేది. ఆ ఆడమనిషి చేసిన మేలే కొంప ముంచింది.

ఒక శుక్రవారం అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ కొట్లోంచి బయటికి రావడం చేపల మాన్సా కంటపడింది. మాన్సా నోట్లో పడిన మాట ఎండిన చేపలాంటిది కాదు, నిలవుండదు. బుట్ట దించకుండానే అరాబా ఇంటికి వెళ్లింది.

"అక్కా, నీ మొగుడు ఇంట్లో తింటున్నాడా?"

"స్టాండులో తింటున్నాడుటే."

"స్టాండులోనా? పొద్దుట్నుంచీ ఆ గేటు దగ్గరే కూర్చుంటాను నేను. అక్కడ ఆయన నీళ్లు తప్ప ఏం ముట్టడు. నువ్వు పెట్టింది తినడు, నేను అమ్మేది కొనడు. మరి ఆ శరీరం గాలి పీల్చి నిలబడుతోందా? ఎవరో పెడుతున్నారు తల్లీ. ఇవాళ పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఎసీ బోట్వే ఉప్పు కొట్లోంచి రావడం నా కళ్లతో చూశాను."

మొగుడు ఇంటి భోజనం వద్దన్నాడంటే వేరే ఇంట్లో కంచం ఉందని అర్థం. మా ఊళ్లో ఈ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. అరాబా అతను స్టాండు నుంచి వచ్చి చొక్కా విప్పేదాకా ఆగింది. దాన్ని తీసి చూసింది. వీపు మీద ఉప్పు రవ్వలు.

ఆ సాయంత్రం ఆమె అటకమీంచి గిన్నె దించింది. పీతలు, పొగచేప వేసి పామ్ గింజల పులుసు కాచింది. ఉడికిన కర్రపెండలం రోట్లో దంచి, నున్నగా ఫుఫు ముద్ద చేసి, మొగుడి ముందు పెట్టింది. ఎకోకి కళ్లు తిరిగాయి. రెండు ముద్దలు మింగాడు. మూడోది అందుకోబోతూ, అన్నయ్య చెయ్యి గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆ వాసన దగ్గర ఇంకో నిమిషం కూర్చుంటే గిన్నెతో సహా మింగేస్తానని భయమేసి, లేచి పెరటిగోడ దగ్గరికి వెళ్లి మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు.

"బాగాలేదా?" అని గుమ్మంలోంచి అడిగింది అరాబా.

"బాగుంది. స్టాండులో తిన్నానుగా."

ఆమె ఆ గిన్నె తీసుకెళ్లి పక్కింటి వాళ్లకి ఇచ్చేసింది. తను తినలేదు. ఆ రోజు నుంచి ఆమెకి ముద్ద దిగలేదు. మొగుడు అన్నం మానేశాడని అందరికీ తెలిసింది గాని, పెళ్లాం మానేసిన సంగతి ఎవరూ గమనించలేదు. అసలు గమనించాల్సినవాడు తన ఆకలితో తను కుస్తీ పడుతున్నాడు.

ఇంతకీ మొదట చెప్పిన ఆ శుక్రవారం. ఎకో చీకట్లోనే బయటపడ్డాననుకున్నాడు గాని, వెనకాలే అరాబా, ఆమె వెనకాల మాన్సా బయల్దేరారు. ఉప్పు కొట్టు తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నుంచి ఎసీ బోట్వే గొంతు స్పష్టంగా వినిపించింది.

"చొక్కా అక్కడ పెట్టు. అబ్బ, కదలకు. ఊపిరి వదులు. ఊఁ... పోయిన వారం కంటే చాలా నయం!"

"నిజంగానా అక్కా?" అని ఎకో గొంతు మురిసిపోయింది.

మాన్సా తలుపు తన్నబోయింది. అరాబా ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "వద్దు. ఆ గొంతులో అంత సంతోషం నేను విని ఎన్నాళ్లయిందో" అంది. అక్కణ్ణుంచి తిన్నగా మేనమామ నానా బయిడూ ఇంటికి వెళ్లింది.

ఆదివారం చర్చి అయ్యాక ఎకో పెరట్లో పంచాయితీ కూర్చుంది. నానా బయిడూ పెద్ద కుర్చీలో, మిగతా పెద్దలు బెంచీల మీద, గోడ అవతల ఊరంతా. అరాబా ఒక మూల పీట మీద కూర్చుంది. కట్టుకున్న గుడ్డ ఆమెకి వదులైపోయి మాటిమాటికీ జారుతోంది.

"అల్లుడూ, సూటిగా అడుగుతాను. ఎక్కడ తింటున్నావు?" అన్నాడు నానా బయిడూ.

"ఎక్కడా సరిగ్గా తినటం లేదు మామా."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన ఎకోని తల నుంచి కాళ్ల దాకా, మళ్లీ కాళ్ల నుంచి తల దాకా చూసి, "ఎక్కడా తినకపోతేనే ఇలా ఉంటే, తింటే మేం కూర్చోడానికి ఈ పెరట్లో చోటుండేదా?" అన్నాడు. గోడ అవతల ఒకటే నవ్వు.

ఎకో నోరు తెరిచేలోగా వీధిలో చక్రాల చప్పుడు వినిపించింది. తోపుడు బండి మీద కాటా ఎక్కించుకుని, ఇద్దరు కూలీలతో ఎసీ బోట్వే స్వయంగా వచ్చింది. ఎవరూ పిలవలేదు. పొద్దున చర్చిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోకపోవడమే పిలుపు.

"దించండ్రా! ఇదిగో పెద్దలారా, మీరంతా చెప్పుకుంటున్న మంచం ఇదే. ఈ మనిషి దీనిమీదే ఎక్కుతాడు, ఒక్కడే ఎక్కుతాడు. ఎక్కు నాయనా, చూడనీ!"

ఎకో అలవాటు చొప్పున చొక్కా విప్పబోయి, ఆగి, అలాగే ఎక్కాడు. ఎసీ బోట్వే రాళ్లు పెట్టి, దండె సర్ది, ఉప్పు బస్తాల లెక్కన బరువు పైకి చదివింది. మొదట్లో దీనికన్నా ఇంకో అర బస్తా ఎక్కువని కూడా చెప్పింది. నానా బయిడూ గొంతు సవరించుకుని, "కాటా సరిగ్గానే ఉందా?" అంటూ తనూ ఎక్కబోయాడు. ఎవరో భుజం పట్టుకుని కూర్చోబెట్టారు.

"ఎందుకయ్యా ఇదంతా?" అని అరాబా మొదటిసారి నోరు విప్పింది.

"అన్నయ్యలా పోతానని భయం" అన్నాడు ఎకో, కాటా మీదే నిలబడి.

"నాకొక్క మాట చెప్తే ఏం పోయేది?"

"నీ చేతి వంట తింటే పోతానని నీతో ఎలా చెప్పమంటావు?"

ఆ మాట నోరు దాటాక గాని దాని బరువు అతనికి తెలియలేదు. అరాబా మొహం పాలిపోయింది.

"అంటే మీ అన్నని నేనే చంపాను. అంతేగా? నేనూ అదే అనుకుంటున్నా. ఆయన పోయిన రోజు నుంచీ అదే అనుకుంటున్నా. నువ్వు మాత్రం అనుకోవట్లేదనే ధైర్యంతో బతుకుతున్నాను."

ఎకో కాటా దిగాడు. మాన్సా కూడా ఏడ్చింది. నానా బయిడూకి ఇలాంటి చోట ఏం చెయ్యాలో ఒక్కటే తెలుసు. "తప్పు ఎవరిదీ కాదు. ఇప్పుడే, మా అందరి ముందు, నీ పెళ్లాం చేతి వంట తిను. దాంతో సరి" అని తీర్పు చెప్పాడు.

గిన్నె వచ్చింది. ఎకో మొదటి ముద్ద భార్య కోసం తిన్నాడు, రెండోది మామ మాట కోసం. మూడోది మాత్రం ఇన్ని వారాల ఆకలే తినేసింది. ఇక ఆ చెయ్యి ఆగలేదు. పులుసు మోచేతి దాకా కారింది. పెద్దలు చప్పట్లు కొట్టారు, గోడ అవతలివాళ్లు ఈల వేశారు. అరాబా అతన్నే చూస్తూ కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో వెలుగు వచ్చింది.

"ఇంకొంచెం తెస్తానుండు" అని లేచింది. రెండడుగులు వేసింది. మూడో అడుగుకి ఎడమకాలు రాలేదు. గిన్నె ముందు పడింది, ఆమె తర్వాత పడింది.

ఆదివారం కావడంతో స్టాండులో ఒక్క వ్యాను లేదు. ఏళ్ల తరబడి ఊరందరినీ బళ్లెక్కించిన మనిషి తన భార్యకి ఒక్క బండి పట్టలేకపోయాడు. ఎసీ బోట్వే బండి మీంచి ఉప్పు దులిపింది. అరాబాని దాని మీద పడుకోబెట్టి, ఎకో ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా తనే క్లినిక్ దాకా తోశాడు. దారిపొడుగునా, కడుపు నిండినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సిస్టర్ గిఫ్టీ బీపీ చూసి అతని వైపు తిరిగింది.

"ఈమెకి ఇంత బీపీ ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"ఆమెకెందుకుంటుంది సిస్టర్? లావుగా ఉన్నది నేను కదా."

"సన్నగా ఉన్నవాళ్లకి రాదని ఎవరు చెప్పారు? తిండి లేదు, నిద్ర లేదు, పైన దిగులు. మీ ఆవిణ్ణి తీసుకురమ్మన్నాను. అప్పుడే తెచ్చుంటే ఆ రోజే చూసేదాన్ని."

అరాబా బతికింది. ఎడమచెయ్యి మాత్రం తిరిగి రాలేదు, మాట కొంచెం ముద్దగా మిగిలింది. పూటపూటకీ వేళకి తినాలని, ఉప్పు తగ్గించాలని సిస్టర్ గిఫ్టీ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. ఈసారి ఎకో ఏ సలహానీ వదల్లేదు.

ఇప్పుడు సాయంత్రం స్టాండు నుంచి రాగానే అతనే రోకలి పడతాడు. అరాబా పీట మీద కూర్చుని, రోట్లో ముద్దని కుడిచేత్తో తిప్పుతుంది. రోకలి లేచినప్పుడు ఆమె చెయ్యి లోపలికి వెళుతుంది, దిగేలోగా బయటికి వస్తుంది. ఒకరి ఊపిరి ఒకరు వింటారు. ముందు ఆమెకి తినిపించి, పిడికెడు ముద్ద తను తింటాడు. దంచుడు వల్లో, దిగులు వల్లో, ఆ ఏడాది తిరిగేసరికి ఎకో బెంట్సిల్ సగమయ్యాడు. అన్నయ్య కర్మకి కుట్టించుకున్న నల్లబట్టలు అతని ఒంటిమీద గాలికి రెపరెపలాడుతున్నాయి.

అతను బజార్లో నడిచి వెళుతుంటే ఆడవాళ్లు బుట్టలు దించి మరీ చూస్తారు. అరాబా కోసం గుక్కపెట్టి ఏడ్చిన మాన్సాయే పక్కనున్నామెని మోచేత్తో పొడిచి, "చూశావుటే, ఆ ఉప్పు కొట్టు తిండి ఆగిపోయేసరికి మనిషి ఎలా చిక్కిపోయాడో" అంటుంది.