పొగ రావాల్సిందే

ఆ శనివారం పొద్దున హంఫ్రీ డాకెట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి, తన పాత రెండు సీట్ల కారును ఊరి చుట్టూ ఓసారి తిప్పుకొచ్చి, తర్వాత తీరిగ్గా కూతురి పెళ్లికి తయారవ్వాలి. తిప్పడం ఎందుకంటే, నిన్ననే కారుకు కొత్త మ్యానిఫోల్డ్ బిగించాడు. ఇంజన్ వదిలే వేడి పొగను పోగుచేసి వెనక గొట్టంలోకి పంపే ఇనుప గొట్టాల గుత్తి అది. పాతది పగిలి టిక్కుటిక్కుమంటూ ప్రాణం తీసింది. దాన్ని ఊడదీయడానికే చలికాలమంతా పట్టింది; తుప్పు పట్టిన బోల్టులు విరిగాయి, హంఫ్రీ గోరు కూడా ఊడింది. ఆ వేడి చుట్టుపక్కల వైర్లకు తగలకుండా, కొత్తదానికి వేడి ఆపే పట్టీని నీళ్లలో తడిపి, విరిగిన కాలికి కట్టు కట్టినట్టు చుట్టాడు. ఆ పట్టీ మొదటిసారి వేడెక్కినప్పుడు బాగా పొగ వదులుతుంది. ఒకసారి వదిలిందంటే మళ్లీ వదలదు.

భార్య మ్యూరియల్ గుమ్మంలోనే అడ్డం పడింది. "పిల్ల ముస్తాబవుతోంది. ఇవాళ కూడా ఆ కారు కంపేనా? చర్చికి బయల్దేరేటప్పుడు తీద్దువుగాని, ఇలా ఇవ్వు" అని తాళం లాక్కుంది.

పట్టీ సంగతి రెండు ముక్కల్లో చెబితే సరిపోయేది. కానీ సొంత కారు తాళం సొంత ఇంట్లో లాక్కుంటే ఏ మగాడు వివరణలిస్తాడు? హంఫ్రీ మూతి బిగించుకుని కూర్చున్నాడు. ఈ పెళ్లిలో ఆయనకు మిగిలినదల్లా ఒక్కటే పని. పూలు, విందు మ్యూరియల్ చూసుకుంది. పెళ్లికొడుకును కూతురు రోజ్ చూసుకుంది. రోజ్‌ను ఈ కారులో చర్చికి తీసుకెళ్లి, చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లి అప్పగించడం మాత్రం ఆయనది. పిల్ల అక్షరాలు దిద్దే రోజుల్లో ఇచ్చిన మాట అది.

పెళ్లికొడుకు గారెత్ అంటే ఆయనకు బొత్తిగా గిట్టదు. ఇళ్ల వెనక వేసుకునే గాజు పందిళ్లు అమ్ముకుంటాడు. పైగా ఊళ్లో ఫైరింజన్ నడిపే అరడజను మందిలో ఒకడు. ఎక్కడో నిప్పంటుకుందని నడుముకున్న బీపర్ మోగితే నోట్లో ముద్ద ఉన్నా లేచి పరిగెత్తే రకం. అవన్నీ హంఫ్రీ క్షమించేవాడేమో. కానీ కారును మొదటిసారి చూసి, "ఇందులో సామాన్లు ఎక్కడ పెట్టుకుంటారండీ?" అని అడిగాడు.

వేళకు రోజ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని హంఫ్రీ చర్చికి బయల్దేరాడు. కంచెల మధ్య సన్నటి దారిలోకి తిరగ్గానే బానెట్ అంచుల్లోంచి పొగ మొదలైంది.

"నాన్నా, పొగ."

"రావాలమ్మా. కొత్త పట్టీ."

రోజ్ మేలిముసుగుతో ముక్కు మూసుకుంది. మలుపు దగ్గరి ఇంట్లోంచి మిసెస్ బ్లెంకిన్ అనే పెద్దావిడ మొక్కలకు నీళ్లు పోసే క్యానుతో పరుగెత్తుకొచ్చింది. ఆవిడకు నచ్చజెప్పడానికి హంఫ్రీ కారు ఆపాడు. అదే తప్పయింది. కదిలే కారుకు తగిలే గాలి ఆగిపోవడంతో పొగ రెట్టింపై మేఘంలా లేచింది. అది చూసి ఎదురుగా వస్తున్న రైతు ఒకడు ట్రాక్టర్‌ను దారికి అడ్డంగా నిలిపి, మంటలార్పే సిలిండర్ పట్టుకుని దూకాడు.

హంఫ్రీ చేతులు బార్లా చాపి బానెట్‌కు అడ్డం నిలబడ్డాడు. కాలుతున్న ఇనుము మీద చన్నీళ్లు పడితే పగిలి కూర్చుంటుంది. చలికాలం కష్టమంతా ఒక క్యాను నీళ్లకు ఇచ్చుకుంటాడా? "ఒక్క చుక్క పడిందంటే మర్యాదగా ఉండదు" అన్నాడు.

సాయానికొచ్చిన వాణ్ణి కసురుకోవడమేంటని రైతుకు మండింది. మంట ఆరేదాకా ట్రాక్టర్ తీయనని చేతులు కట్టుకున్నాడు. అసలు మంటే లేదని హంఫ్రీ. మంట లేని పొగ ఎక్కడైనా ఉంటుందా అని రైతు. ఈలోగా మిసెస్ బ్లెంకిన్ ఇంట్లోకెళ్లి ఫోన్ చేసింది. కారు తగలబడుతోందని, లోపల పెళ్లికూతురు ఉందని, ఎవరో ముసలాయన దగ్గరికి ఎవర్నీ రానివ్వడం లేదని చెప్పింది. ఆవిడ చెప్పిన దాంట్లో చివరి రెండు ముక్కలూ నిజమే.

చర్చిలో బీపర్ మోగింది. గారెత్ దాన్ని ముందే బుద్ధిగా తోడిపెళ్లికొడుకు చేతికిచ్చాడు గానీ, ఫైర్ స్టేషన్ సరిగ్గా చర్చి ఎదురుగానే ఉంది. తగలబడే కారులో పెళ్లికూతురని తెలిశాక ఇంకెవరు ఆపుతారు? కోటుకు పూలు, నెత్తిన హెల్మెట్లతో గారెత్ సహా నలుగురు కారు దగ్గర ఫైరింజన్ దిగారు.

పెళ్లికి ముందు వరుడి కంట పడితే అరిష్టమని రోజ్ సీట్లోనే, తండ్రి విప్పి పెట్టిన కోటు చాటున దాక్కుంది. గొట్టం విప్పుతున్న వాళ్లను చూసి హంఫ్రీ బానెట్‌ను ఇంకా గట్టిగా వాటేసుకున్నాడు. గారెత్ ఆయన్ని నెమ్మదిగా పక్కకు తప్పించి, బానెట్ ఎత్తి, వంగి వాసన చూశాడు.

"పట్టీ కొత్తదా అండీ?"

"నిన్న చుట్టాను."

"తడిపే చుట్టారా?"

"తడపకుండా ఎవడు చుడతాడయ్యా?"

"అయితే పొగ రావాల్సిందే. ఒరే, గొట్టం చుట్టేయండి. నీళ్లు పోస్తే ఇది పగుల్తుంది."

ఇందాకట్నుంచీ ఒక్క ప్రాణి ఆయన మాట నమ్మలేదు. హంఫ్రీ కళ్లు తుడుచుకుని పొగని తిట్టాడు. అంతలో గారెత్ లోపలికి తొంగిచూస్తూ, "విరిగిన బోల్టులు ఎలా లాగారండీ?" అని అడిగాడు. ఆ ప్రశ్న కోసం ఆయన చలికాలమంతా కాచుకున్నాడు. ఇద్దరి తలలూ బానెట్ కిందికి దూరాయి.

రోజ్ నాన్నని పిలిచింది. తర్వాత గారెత్‌ని పిలిచింది.

"ఒక్క నిమిషం" అన్నారిద్దరూ, తల ఎత్తకుండా.

రోజ్ కారు దిగి, తెల్లగౌను మోకాళ్లదాకా ఎత్తి పట్టుకుని, బూట్లు విసిరి, ఫైరింజన్ ఎక్కి కూర్చుంది. "పోనివ్వండి" అంది మిగతా ముగ్గురితో. ఇంతసేపూ కదలని ట్రాక్టర్ ఆ గొంతుకు గబగబా పక్క పొలంలోకి తప్పుకుని, ఫైరింజన్ తిరగడానికి చోటిచ్చింది. సైరన్ మోగాక గానీ ఆమె వెళ్లిపోతోందని మామా అల్లుళ్లకు తెలియలేదు.

వాళ్లు చర్చి చేరేసరికి పొగ పూర్తిగా ఆగింది. అది చూసి సాక్ష్యం చెప్పడానికి బయట ఒక్క మనిషి లేడు. రోజ్ అప్పటికే పూజావేదిక దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. హంఫ్రీని గుమ్మంలో చూడగానే ఆర్గన్ వాయించేవాడు అలవాటు కొద్దీ పెళ్లికూతురు నడిచొచ్చేటప్పుడు వాయించే పాట ఎత్తుకున్నాడు. అందరూ లేచారు. దిక్కుతోచక హంఫ్రీ గారెత్ చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించాడు.

"ఈ అమ్మాయిని అప్పగిస్తున్నదెవరు?" అని అడిగాడు పాస్టర్.

"ఎవరూ లేరండీ. నేనే వచ్చాను" అంది రోజ్.

హంఫ్రీకి ఒళ్లు మండింది.

"కుర్రాణ్ణి మాత్రం నేనే తెచ్చాను. పొగ లేకుండా."