మంత్రి గారి గుమ్మం ముందు వెల్డోరా

‘ప్రపంచ ప్రాంతాల శిఖరాగ్ర సదస్సు నుంచి మన మంత్రి గారు అలిగి ఇంటికి వచ్చేశారు. దౌత్య రంగంలో ఇదొక చారిత్రక ఘట్టం.’

మధ్యాహ్నం ఛానళ్లకు అందిన ఈ ప్రకటన రాసింది మహిత. ప్రాంతీయ సంబంధాల మంత్రి ఉమాకాంత్ గారి దగ్గర మీడియా అసిస్టెంటు. పెళ్లయి నెల కూడా కాలేదేమో, ‘అలిగి’ అని టైపు చేస్తుంటే నవ్వాగలేదు. ‘చారిత్రక’ అని చేర్చాకే ముఖం గంభీరంగా మారింది.

నిజానికి ఈ దౌత్యం పుట్టింది ఆమె పెళ్లిలోనే. నారాయణగూడ ఫంక్షన్ హాల్లో, భోజనాల దగ్గర పెళ్లికొడుకు అభిజిత్ ఆనవాయితీగా అలిగాడు. విస్తరి ముందు మూతి తిప్పుకుని కూర్చున్నాడు. ఆడపెళ్లివారంతా చుట్టూ చేరి బతిమాలి, చేతికి కొత్త వాచీ పెట్టాకే ముద్ద ముట్టాడు. అతిథిగా వచ్చిన ఉమాకాంత్ గారు తన విస్తరి సంగతి మరిచిపోయి చూశారు.

“చూసినవా ముత్యాలు? ఒక్క మాట మాట్లాడలే. వాచీ వచ్చింది. గిదిరా డిప్లొమసీ అంటే!” అన్నారు అనుచరుడితో.

అంతటి మేధావికి అవకాశం రాకుండా ఉంటుందా? హైదరాబాద్‌లోనే జరుగుతున్న సదస్సులో ఇవాళ ఉదయం గ్రూప్ ఫోటో తీశారు. ముందు వరుసలో వెల్డోరా అనే విదేశీ ప్రాంత గవర్నరు. తాటిచెట్టంత మనిషి, ఎర్ర గడ్డం. సరిగ్గా ఆయన వెనక మన మంత్రి గారు. ఫోటోలో మన రాష్ట్రం తరఫున ఒక చెవి మాత్రం పాల్గొంది.

మంత్రి గారు తిన్నగా చిక్కడపల్లిలోని ఇంటికి వచ్చి పడకగది గడియ పెట్టుకున్నారు. గవర్నరు స్వయంగా వచ్చి బతిమాలాలి, సెంటర్లో తనను కూర్చోబెట్టి ఫోటో మళ్లీ తీయాలి. అప్పటిదాకా ప్రపంచ ప్రాంతాలు ఎక్కడివక్కడే ఆగాలి.

ముత్యాలు గల్లీలో షామియానా వేయించాడు, బ్యాండు వాళ్లను కూర్చోబెట్టాడు. ఛానళ్లవాళ్లు గేటు ముందు కెమెరాలు పెట్టుకున్నారు. గది తలుపు దగ్గర కాపలా మహితది.

“సార్, జర అన్నం తినుండ్రి,” అన్నాడు ముత్యాలు తలుపు సందులోంచి.

“అలిగినోడు అన్నం తింటడార?” అని లోపలి నుంచి గర్జన. కాసేపాగి, “ఎనక కిటికీల కెల్లి బజ్జీలు పంపు.”

మూడింటికి మహిత సదస్సు హోటల్‌కు ఫోన్ చేసింది. సదస్సు అయిపోయిందట. అతిథులు ఊరు చూడ్డానికి వెళ్లారట. మంత్రి గారి గురించి ఎవరైనా అడిగారా అంటే, “ఏ మంత్రి గారండీ?” అన్నారు.

“మేడం, గీ ముచ్చట లోపటికి పోతే సారు జిందగీల బయటికి రాడు,” అని ముత్యాలు చెమట తుడుచుకున్నాడు.

మహిత ఆలోచించి రెండో ప్రకటన పంపింది: ‘మంత్రి గారి అలకతో స్తంభించిన సదస్సు.’

ఆమె గుబులు వేరు. సాయంత్రం క్రాస్ రోడ్స్‌లో ఫస్ట్ షో. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి చూడబోయే మొదటి సినిమా. మంత్రి గారు బయటికి రానిదే ఆమెకు సెలవు లేదు. పైగా తనూ అలకలో ఉంది. రాత్రి అశోక్‌నగర్ ఇంట్లో ఆమె దాచుకున్న చివరి మిర్చి బజ్జీని అభిజిత్ తినేశాడు. పొద్దుట్నుంచి అతని ఫోన్ ఎత్తలేదు. అతను బతిమాలడానికి వస్తాడా, రాడా అని గేటు వైపు చూస్తూనే ఉంది. ఆ చూపు చూస్తే, లోపలున్న మంత్రి గారి కన్నా ఆమెకే దౌత్యం బాగా తెలుసనిపించేది.

షో టైము దగ్గర పడుతుండగా అభిజిత్ బజ్జీల పొట్లంతో మెట్లెక్కి వచ్చాడు. మహిత గోడ వైపు తిరిగింది. హాలు నిండా కార్యకర్తలు. పరువు పోకుండా అతను ఇంగ్లిషులో మొదలుపెట్టాడు.

“సారీ... వెరీ వెరీ సారీ. మిస్టేక్ నాట్ యువర్స్, మైన్. ప్లీజ్ కమ్. వితౌట్ యూ, ఐ కాంట్ సిట్ దేర్. సెంటర్ సీట్ ఫర్ యూ. ప్లీజ్!”

గడియ చప్పుడైంది.

కొత్త కండువాతో మంత్రి గారు బయటికొచ్చారు. అలిగినవాడు వెంటనే ముఖం చూడకూడదు గనక, సీలింగు ఫ్యాను వైపు చూస్తూ, “ఓకే గవర్నర్, ఓకే. ఐ ఫర్గివ్,” అని అభిజిత్ భుజం తట్టి, ఆగకుండా కెమెరాల దగ్గరికి నడిచారు. గల్లీలో బ్యాండు మోగింది.

“నీ డ్యూటీ అయిపోయినట్టేనా మహీ?” అన్నాడు అభిజిత్, భుజం తడుముకుంటూ.

“నాది కూడా ఓకే. ఐ ఫర్గివ్. ఉరుకు!” అంది మహిత, పొట్లం లాక్కుని.

థియేటర్లో నిజంగానే నడిమధ్య సీట్లు. మహిత బజ్జీ కొరికి కాళ్లూపుకుంటూ కూర్చుంది. తీరా సినిమా మొదలయ్యేసరికి తెర కనిపించలేదు. ముందు వరుసలో తాటిచెట్టంత మనిషి. పక్కకు తిరిగి పాప్‌కార్న్ అందుకున్నప్పుడు ఎర్ర గడ్డం మెరిసింది.

“ఎవరు మహీ ఈ పొడుగాయన? జర కిందికి జరగమందామా?”

మహిత ఫోన్లో వార్త కదులుతోంది: ‘మంత్రి క్షమించినా, చిక్కడపల్లిలో గుమ్మం ముందు ఇంకా బతిమాలుతున్న వెల్డోరా గవర్నరు.’

“ఆయన ఇక్కడ లేడు అభీ,” అని, తెర కనబడేలా అతని భుజం మీదికి తల వాల్చింది.