పరీక్షకి ముందు ఒక మాత్ర

ఆ ఉదయం డ్రైవింగ్ మాస్టారి పథకం చాలా చిన్నది. అక్కని బండిలో ఎక్కించుకుని లైసెన్స్ పరీక్ష జరిగే మైదానానికి తీసుకెళ్ళాలి. దారిలో నాలుగు ధైర్యం మాటలు చెప్పాలి. పరీక్ష గట్టెక్కించి, ఇంటికొచ్చి, కాళ్ళు బార్లా చాపుకుని కాఫీ తాగాలి. ఈ పథకంలో ఆస్పత్రి ఊసే లేదు.

అక్కకి ఆ లైసెన్స్ ఎంత అవసరమో మాస్టారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. లాండ్రీలో పొద్దస్తమానం నిలబడి బట్టలు ఇస్త్రీ చేసి చేసి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. కూర్చుని చేసే పని ఏదైనా దొరికితే చాలురా దేవుడా అనుకుంటుంటే, పార్సిల్ కంపెనీవాళ్ళు లైసెన్స్ తెచ్చుకుంటే సోమవారం నుంచి వ్యాను నడపమన్నారు. అమ్మ పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఇప్పుడు ఆ తమ్ముడే స్టీరింగు పట్టుకోవడం నేర్పుతుంటే మురిసిపోయేది. వాడు ఏది చెబితే అది వేదం, ఏది చేతిలో పెడితే అది ప్రసాదం.

మాస్టారు ఎక్కువగా చేతిలో పెట్టేది గ్యాస్ మాత్ర. దానికో చరిత్ర ఉంది. ఎప్పుడో గుండెల్లో మంటకి డాక్టరు కొన్ని వారాలు వాడి మళ్ళీ కనపడమన్నాడు. మాస్టారు ఏళ్ళ తరబడి వాడుతూనే ఉన్నారు, కనపడలేదు. మంట తగ్గింది కాబట్టి మందు మంచిదనీ, మందు మంచిది కాబట్టి అందరికీ మంచిదనీ తేల్చేసుకున్నారు. పరీక్షరోజు భయంతో కడుపులో తిప్పుతోందన్న శిష్యులకి తలా ఒకటి ఇవ్వడం మొదలెట్టారు. పాసైనవాళ్ళు అది మాత్ర మహిమ అన్నారు. ఫెయిలైనవాళ్ళు అది సరిగా పడలేదన్నారు. మొత్తానికి మాస్టారి మాత్ర పడితే లైసెన్స్ పడ్డట్టే అని ఊరంతా పాకింది.

అక్క సంగతి వేరు. మోకాళ్ళ నొప్పికి ఆవిడ మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనుక్కుని, తిండి లేకుండా ఉత్త టీతో మింగేది. కొన్నాళ్ళకి కడుపులో మంట, పొడుపు. తమ్ముడితో చెప్పింది.

"అదంతా పరీక్ష భయమే అక్కా. ఇది వేసుకో, చల్లగా ఉంటుంది."

నిజంగానే చల్లగా ఉంది. కడుపు ఊరుకుంది కదా అని అక్క నొప్పి మాత్రలు ఇంకాస్త ధారాళంగా మింగింది. ఓ రోజు తల దించుకుని, "చెప్పడానికి సిగ్గుగా ఉందిరా. దొడ్డికెళ్తే నల్లగా, తారులాగా అవుతోంది" అంది.

"అయితే మందు పట్టిందన్నమాట! లోపలున్న చెడంతా పోతోంది" అన్నారు మాస్టారు, ఉత్సాహంగా. ఆ ఒక్క మాట తలుచుకుంటే ఆయనకి ఇవాళ్టికీ ముద్ద దిగదు. కానీ ఆ రోజు నిశ్చింతగా రెండుపూటలా తిన్నారు.

సరే, పరీక్ష. మైదానం చేరేసరికి అక్క ముఖం తెల్లకాగితంలా ఉంది.

"కళ్ళు తిరుగుతున్నాయిరా."

"అందరికీ తిరుగుతాయి. ఇంకోటి వేసుకో."

మాస్టారు జేబులోంచి డబ్బా తీశారో లేదో, మిగతా శిష్యులు కూడా అరచేతులు చాపుకుని వరసకట్టారు. సరిగ్గా అప్పుడే పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పరీక్షకొచ్చినవాళ్ళకి ఎవరో మనిషి గుట్టుగా మాత్రలు పంచుతుంటే ఏమనుకుంటాడు పాపం?

"ఏంటయ్యా అది? మత్తుమందా?"

"అయ్యయ్యో, గ్యాస్ మాత్రండీ! వట్టి గ్యాస్ మాత్ర!"

"నమ్మమంటావా?"

నిరూపించడానికి మాస్టారు అక్కడికక్కడే ఒకటి మింగి చూపించారు. ఇన్‌స్పెక్టరు కాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. మత్తు జాడ కనపడలేదు. చుట్టూ ఓసారి చూసి, గొంతు తగ్గించి, "నిజంగా గ్యాస్‌దేనా? నాకూ రాత్రి నుంచి గొంతుదాకా మంటగా ఉంది" అన్నాడు. అతనికీ ఒకటి ముట్టింది.

అక్క బండి నడిపింది. ఎంత నిదానంగా నడిపిందంటే, ఇన్‌స్పెక్టరు పక్క సీటులో కూర్చుని మురిసిపోయాడు. ప్రతి మలుపులోనూ ఆగింది, ప్రతి గీత దగ్గరా ఊపిరి పీల్చుకుంది. అదంతా జాగ్రత్త అనుకున్నాడతను. నిజానికి ఆవిడ పడిపోకుండా ఉండటానికి స్టీరింగు పట్టుకుని వేలాడుతోంది.

"పాస్! ఇంత ఓర్పుగా నడిపినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు" అన్నాడు బండి దిగి.

అక్క కూడా దిగింది. తమ్ముడి వైపు చూసి నవ్వబోయి, వంగి వాంతి చేసుకుంది. కాఫీపొడి కలిపినట్టు నల్లగా ఉంది. అలాగే మోకాళ్ళమీద కూలబడిపోయింది.

మాస్టారికి బుర్ర పనిచేయలేదు. శిష్యులతో కలిసి అక్కని వెనక సీట్లో పడుకోబెట్టి, పరుగున వెళ్ళి బండెక్కి, "పోనీ! త్వరగా పోనీ!" అని అరిచారు. బండి కదల్లేదు. కదలడానికి స్టీరింగు ముందు ఎవరైనా ఉండాలి కదా! ఆయన అలవాటుకొద్దీ వెళ్ళి నేర్పేవాడి సీట్లో కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు తల బాదుకుని తనే నడపడానికి ఎక్కాడు. పోనీ అంతటితో అయిందా? నేర్పే బండి కదా, లారీ ఎదురైతే మాస్టారు తన వైపు కూడా ఉన్న బ్రేకు తొక్కారు. సైకిలు కనపడితే తొక్కారు. కుక్క తోక ఊపినా తొక్కారు.

"కాలు తియ్యవయ్యా మహానుభావా! మీ అక్కని బతికించుకోవాలని ఉందా లేదా?"

"ఉందండీ" అని ఏడుస్తూ మాస్టారు రెండు కాళ్ళూ సీటు పైకెత్తి, వాటిని చేతులతో కావలించుకుని కూర్చున్నారు.

ఆస్పత్రిలో అక్కకి రక్తం ఎక్కించారు, గొట్టంతో లోపల చూశారు. కడుపులో పుండు, దాన్నుంచి రక్తం కారుతోంది. డాక్టరమ్మ బయటికొచ్చి, ఏమేం మందులు వాడిందని అడిగింది. మాస్టారు అన్నీ చెప్పారు. నల్లటి విరేచనం సంగతి మాత్రం అన్నిటికన్నా చివర్లో చెప్పారు.

"అది రక్తం. ఆ రోజే పరుగెత్తుకు రావాల్సింది. నొప్పి మాత్రలు పుండు చేశాయి. మీ మాత్ర మంట కనపడకుండా కప్పేసింది. మంటన్నా ఉంటే ఎప్పుడో వచ్చేదేమో."

ఇన్‌స్పెక్టరు గోడపక్కనుంచి మెల్లగా, "మేడమ్, నేను కూడా ఒకటి వేసుకున్నాను. ఉంటానా?" అన్నాడు.

"ఒక్కదానికి ఏమీ కాదు. మంట పదేపదే వస్తుంటే మాత్రం చూపించుకోండి" అందావిడ.

గండం గడిచింది. ఇంటికెళ్ళాక వాడమని డాక్టరమ్మ ముందుగానే రాసిచ్చిన మందుల చీటీ చూసి మాస్టారు ఉలిక్కిపడ్డారు. అందులో మొదటిది ఆయన జేబులో ఉన్నదే.

"ఇదే కదండీ నేనిచ్చింది!"

"మందు అదే. పుండు ఎందుకొచ్చిందో చూసి ఇచ్చారా? నొప్పి మాత్రలు మాన్పించారా? తిండికి ముందా తర్వాతా, ఎంత, ఎన్నాళ్ళు అని చెప్పారా?"

మాస్టారు జేబులోంచి డబ్బా తీసి ఆవిడ ముందు పెట్టేశారు.

"రేపు మీరూ రండి. అన్నేళ్ళు వాడినది హఠాత్తుగా మానేస్తే మంట ఎగదన్నుకొస్తుంది. ఎలా తగ్గించాలో నేను చెబుతాను."

ఆ సోమవారం అక్క ఇంకా ఆస్పత్రి మంచంమీదే ఉండగా పార్సిల్ కంపెనీ నుంచి ఫోనొచ్చింది. వ్యాను ఆగదట, వేరే మనిషిని పెట్టుకున్నారట. లైసెన్స్ మాత్రం శుభ్రంగా వచ్చింది. దాన్ని దిండు పక్కన పెట్టి మాస్టారు అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నారు.

"నీ ప్రాణం తీయబోయానక్కా. నాకు తెలుసన్న పొగరే ఇంత పని చేసింది. చెంప పగలగొట్టు."

"ఛ, ఊరుకో. నువ్వేం కావాలని చేశావా? నాకు నీమీద కోపమెందుకురా" అని అక్క తల నిమిరింది. నిజంగానే కోపం లేదు. ఆ గొంతు విని మాస్టారికి గుండె కాస్త కుదుటపడింది. అన్నీ మునుపటిలాగే ఉన్నాయనుకున్నారు.

"దాహంగా ఉందిరా" అంది అక్క.

మాస్టారు గబగబా లేచి, గ్లాసు రెండుసార్లు కడిగి, కుండలో నీళ్ళు ముంచి అందించారు. అక్క గ్లాసు తీసుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, గుమ్మం వైపు తిరిగి మెల్లగా పిలిచింది.

"నర్సమ్మా! ఇవి తాగొచ్చా?"

వట్టి మంచినీళ్ళే, అయినా నర్సు వచ్చి తల ఊపేదాకా ఆవిడ గుక్క మింగలేదు.