సాంబారు పొడి బ్యాచ్ నంబరు

ఆ ఉదయం సోమేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. గోల్‌బజార్ వెళ్ళి నాలుగు ములక్కాడలు తెచ్చుకోవాలి, ఇంట్లో ఉన్న సాంబారు పొడి వేసి పులుసు పెట్టుకోవాలి. సంచీ పుచ్చుకుని గుమ్మం దిగబోతుంటే వంటింట్లో భార్య ఫోను టింగుమంది. నాగవల్లి పోయి ఏడు నెలలైంది. ఆ ఫోనుకు ఛార్జింగు పెట్టడం మాత్రం ఆయన మానలేదు. ఎందుకని అడిగితే చెప్పడానికి కారణం లేదు. అడిగిన వాళ్ళూ లేరు.

"నాగవల్లి గారూ! మీ మాట విని చాలా రోజులైంది. ఈ రోజు మీ వంటింట్లో ఏం ఘుమఘుమలాడుతోంది?" అని అడుగుతోంది 'తిరగమోత' మసాలాల కంపెనీ.

ఆయన పీట మీద కూలబడ్డాడు. ఈ ఏడు నెలల్లో వల్లిని పేరు పెట్టి పలకరించింది ఆ కంపెనీ ఒక్కటే. దుఃఖం ముంచుకొచ్చింది. అయితే ముప్ఫై నాలుగేళ్ళు రైల్వే ఆఫీసులో ప్రయాణికుల ఫిర్యాదులకు జవాబులు రాసిన ప్రాణం అది. వచ్చిన ఉత్తరానికి సాయంత్రంలోగా జవాబు వెళ్ళకపోతే అన్నం సహించదు. పైగా, పిలిస్తే పలకలేదన్న మాట వల్లికి రాకూడదు. అందుకని కంపెనీ వారి ఫేస్‌బుక్ పేజీలో, ఊరూవాడా చూసే చోట, ఇలా రాశాడు: "ఆర్యా, తమరి నేటి సందేశం అందినది. సదరు నాగవల్లి, నా భార్య, కాలధర్మం చెందినందున జవాబు ఇవ్వలేకపోయినది. మన్నించగలరు."

అరనిమిషంలో జవాబు వచ్చింది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం! దయచేసి ప్యాకెట్ మీది బ్యాచ్ నంబర్ తెలపండి."

రాసింది యంత్రమని ఆయనకు తెలియదు. ఎందుకని ఎదురు ప్రశ్న వెయ్యడం ఆయన సర్వీసులో లేదు. కోరిన వివరం కోరినట్టు పంపడమే. వల్లి చేత్తో చింపి రబ్బరు బాండు బిగించిన సాంబారు పొడి ప్యాకెట్టు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, నంబరు రాసి, ఫొటో కూడా జతపరిచి బజారుకు బయల్దేరాడు. పైన భార్య పోయిందని ఉంది, కింద పొడి నంబరు ఉంది. మధ్యలో ఖాళీని లోకం తనకు తోచినట్టు పూరించుకుంది.

గోల్‌బజార్‌లో కిరాణా కొట్టు అమర్‌నాథ్ ఆయన్ని చూస్తూనే నెత్తి కొట్టుకున్నాడు. "ఏటి పెట్టినారు దాదా ఆ ఫేస్‌బుక్కులో? వెయ్యి మంది ఆ కంపెనీని తిడతన్నారు. కొన్న పేకెట్లన్నీ తెచ్చి నా మొకాన కొడతన్నారు!"

"నేనేటి తప్పు రాసినాను? అడిగిన నంబరే కదా ఇచ్చినాను!"

మలంచా పేటలోని ఇంటికి చేరేసరికి పక్కింటి దాలమ్మ గుమ్మంలోనే శోకాలు మొదలెట్టింది. "వల్లమ్మగోరు ఆ పొడి తినే పోయినారంట గదా బాబుగోరూ! ఇన్నాళ్ళూ మాకొక్క ముక్క సెప్పలేదేటి? నాను డబ్బాడు పొడీ కాలవలో ఒంపేసినాను!" ఆయన కాదని చెప్పబోయాడు. ఆమె ఏడుపు ముందు ఆయన మాట వినపడలేదు.

సాయంత్రం నాలుగింటికి కంపెనీ కలకత్తా ఆఫీసు నుంచి శ్రీజ అనే అమ్మాయి దిగింది, మొహంలో నెత్తురుచుక్క లేకుండా, చంకలో లావుపాటి ఫైలుతో.

"సార్, మేము కస్టమర్ల మాట వినే టీమ్. నాలుగేళ్ళుగా మేడం మాకు రాసినవన్నీ తెచ్చాను. పొడి మీద ఒక్క కంప్లైంటు లేదు, చూడండి."

"పొడి మీద నాకూ లేదమ్మా. మనిషి గుండె ఆగి పోయినాది. మీరడిగినారు, నేనిచ్చినాను."

శ్రీజ ఊపిరి పీల్చుకుని, ఆ ముక్క రాసిమ్మంది. ఆయన రాసిచ్చాడు. అది పేజీలో పెట్టగానే, కంపెనీని తిట్టిన నోళ్ళే చచ్చిపోయిన పెళ్ళాం పేరుతో నాటకాలాడతావా అని ఆయన మీద పడ్డాయి. ఆయన అవేవీ చూడలేదు. ఫైలు తెరిచాడు.

"మెంతులు సరిగ్గా పడినాయి తల్లీ," అని మొదటి కాగితంలో రాసింది వల్లి. "మీరైతే వెంటనే పలుకుతారు. ఈయన పేపర్లోంచి తలెత్తరు," అని రెండోదానిలో. మరో చోట: "ఈ రోజు నా పుట్టినరోజు. ఈయనకి గుర్తు లేదు. నేనే పులుసు పెట్టుకున్నాను." దానికి కంపెనీ, "వావ్! రెసిపీ పంపండి!" అంది. పాపం, పంపింది. ఇంట్లో మనిషి ఉండగా ఆవిడ యంత్రంతో కబుర్లు చెప్పుకుంది.

"దిఘా ఇక్కడికి మూడు గంటలు. సముద్రం చూపించండి అని ముప్ఫై ఏళ్ళుగా అడుగుతున్నాను. చూద్దాంలే అంటారు. మీరైనా ఈయనకి చెప్పరా తల్లీ?"

కింద జవాబు: "మీ అభిప్రాయం మాకు అమూల్యం. మీ సమస్యను సంబంధిత విభాగానికి పంపించాం."

సోమేశ్వరరావు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏమైంది సార్? మా వైపు నుంచి ఏమైనా పొరపాటు జరిగిందా?" అంది శ్రీజ కంగారుగా.

"మీది కాదమ్మా. నోటితో ఎన్నోసార్లు సెప్పినాది. కాయితం మీద పెట్టలేదు కదా, నేను ఇనలేదు."

శ్రీజ మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకు జరిపింది. ఇన్నేళ్ళు ఆలస్యంగానైతేనేం, ఫిర్యాదు సంబంధిత విభాగానికి అందింది.