విద్యార్థి సేవల విభాగంలో విద్యార్థి

యూనివర్సిటీ విద్యార్థి సేవల విభాగం చరిత్రలోనే అత్యంత తీవ్రమైన భద్రతా లోపం ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం బయటపడింది: విభాగంలోకి ఒక విద్యార్థి జొరబడ్డాడు.

మొదట గమనించింది బ్రిట్టా సోల్‌బర్గ్. ఆమె విభాగంలోని ఆత్మీయతా కార్యాలయంలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. ‘మనమంతా ఒక్కటే’ కార్యక్రమానికి వచ్చేవాళ్ల చేత గుమ్మం దగ్గర హాజరు యంత్రంలో గుర్తింపు కార్డులు గీకించడం ఆ రోజు ఆమె పని. వచ్చినవాళ్లందరి బూట్లూ పొడిగా ఉన్నాయి. అసిస్టెంట్లు భవనాల కిందున్న సొరంగంలోంచే వస్తారు కనుక మిన్నెసోటా చలికాలం వాళ్లనెప్పుడూ తాకలేదు. ఒక్కడి బూట్ల నుంచి మాత్రం మంచు కరిగి, తివాచీ మీద మడుగు కట్టింది.

“మీది ఏ ఆఫీసండీ?” అని అడిగింది బ్రిట్టా.

“ఆఫీసేంటి? నేను ఫస్టియర్. పేరు కోల్టన్. కెమిస్ట్రీ కోర్సు వదిలేయాలి. ఇవాళ సాయంత్రంతో గడువైపోతుందట. ఎవరికి చెప్పాలి?”

బ్రిట్టా హాజరు యంత్రాన్ని తన వైపు లాక్కుంది.

ఆమె భయం అర్థం కావాలంటే విభాగం ఎలా నడుస్తుందో తెలియాలి. ఆత్మీయతా కార్యాలయం కార్యక్రమం పెడితే ఆరోగ్య కార్యాలయం అసిస్టెంట్లు వస్తారు. ఆరోగ్యం వాళ్లు పెడితే నాయకత్వ కార్యాలయం వాళ్లు వస్తారు. నాయకత్వం వాళ్లు పెడితే అందరూ వస్తారు (అక్కడ పిజ్జా మంచిది). ఇందులో మోసమేమీ లేదు. అసిస్టెంట్లు కూడా విద్యార్థులే. అందరూ విద్యార్థులకు సేవ చేయడం ఎలా అన్న విషయంలోనే మాస్టర్స్ చదువుతున్నారు. కాబట్టి హాజరు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఎవరికీ ఏ సాయమూ అక్కర్లేదు, సంతృప్తి నూటికి నూరు శాతం. పక్క రాష్ట్రాల నుంచి ఈ పద్ధతిని చూసి నేర్చుకుని వెళ్తుంటారు.

ఇంత సున్నితమైన యంత్రంలో కోల్టన్ వచ్చి పడ్డాడు.

లోపల నలుగురు అసిస్టెంట్లు అతని చుట్టూ చేరారు. శ్రద్ధగా వినడంలో నలుగురూ శిక్షణ పొందినవాళ్లే.

“కెమిస్ట్రీ కోర్సు ఎలా వదిలేయాలండీ?”

“మీ మాట మాకు వినిపిస్తోంది,” అంది ఒకమ్మాయి, మెల్లగా తలూపుతూ.

“వినిపిస్తే చెప్పండి మరి.”

“వదిలేయాలి అన్నప్పుడు మీ మనసులో ఏమనిపిస్తోంది?”

“వదిలేయాలనిపిస్తోంది!”

ఇంకొకడు కళ్లు తుడుచుకుని, ఒత్తిడి తగ్గడానికి పిసుక్కునే రబ్బరు బంతి ఒకటి అతని చేతిలో పెట్టాడు. దాని మీద యూనివర్సిటీ ముద్ర ఉంది. కోల్టన్ దాని వంక కాసేపు చూసి, తలుపు పక్కనున్న అభిప్రాయ యంత్రం దగ్గరికి నడిచాడు. దానికి రెండు బొత్తాలు: నవ్వే పచ్చ ముఖం, ఏడ్చే ఎర్ర ముఖం. ఎర్రదాన్ని ఇంతవరకూ ఎవరూ నొక్కలేదు. అది పనిచేస్తుందో లేదో కూడా ఎవరికీ తెలియదు.

పనిచేసింది.

మర్నాడు ఉదయమే డీన్ నుంచి బ్రిట్టాకు పిలుపొచ్చింది. డీన్ డాక్టర్ మరియన్ పెటిబోన్ ఎప్పుడూ గొంతు పెంచదు. ఆమె ఎంత మృదువుగా మాట్లాడితే అవతలివాళ్లు అంత ప్రమాదంలో ఉన్నట్టు. ఆ రోజు మాటలు దాదాపు వినపడలేదు.

“చూడమ్మా బ్రిట్టా, నిన్నెవరూ తప్పు పట్టడం లేదు. ఆ అబ్బాయి మన కార్యక్రమం పోస్టర్‌ని హాస్టల్ లాండ్రీ గదిలో చూశాడట. పోస్టర్లు నీ బాధ్యతే కదా?”

“నేను ఎప్పట్లాగే మన ఆఫీసు వరండాలోనే అంటించానండీ, డాక్టర్ మరియన్. ఒట్టు!”

“నమ్ముతాను తల్లీ. మరి లాండ్రీలో ఎవరు అంటించారు? శుక్రవారం అనూహ్య హాజరు సమీక్షా సంఘం కూర్చుంటోంది. ఆలోపు తేలకపోతే వచ్చే ఏడాదికి నీ అసిస్టెంట్‌షిప్ పొడిగించడం నాకూ కష్టమే.”

అసిస్టెంట్‌షిప్ పోతే ఫీజు మాఫీ పోతుంది. ఫీజు మాఫీ పోతే చదువు మధ్యలో ఆపి, బావగారి టర్కీ కోళ్ల ఫారానికి తిరిగెళ్లాలి. బ్రిట్టా అక్కడ రెండేళ్లు పనిచేసింది. అన్ని వేల గొంతులు ఒకేసారి అరుస్తున్నప్పుడు శ్రద్ధగా వినడం ఎవరి తరమూ కాదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర పక్క బల్ల అసిస్టెంట్ ఓరిన్ టేట్‌తో, కోళ్ల ఫారం సంగతితో సహా, మొర పెట్టుకుంది. బక్కపలచని మనిషి, నెబ్రాస్కావాడు, చేరి ఆరునెలలు కూడా కాలేదు.

“ఏ దుర్మార్గుడు చేశాడ్రా ఈ పని? హాస్టల్ లాండ్రీలో పోస్టరా! అక్కడ విద్యార్థులు తిరుగుతారని తెలీదా?”

ఓరిన్ పళ్లెంలోని క్యాసరోల్ వంటకాన్ని ఫోర్కుతో అటూ ఇటూ జరిపాడు. “టర్కీ కోళ్లు కరుస్తాయా?” అని అడిగాడు.

“పొడుస్తాయి. ఎందుకు?”

“ఊరికే.”

శుక్రవారం సంఘం సమావేశమైంది. సభ్యులతో పాటు మూడు కార్యాలయాల అసిస్టెంట్లూ వచ్చారు (హాజరు అద్భుతం). అందరూ కార్డులు గీకారు, పిజ్జా తీసుకున్నారు. డీన్ ముందున్న బల్ల మీద బ్రిట్టా పొడిగింపు కాగితం సంతకం లేకుండా పడి ఉంది. బ్రిట్టా తన పిజ్జాని పక్కవాళ్ల పళ్లెంలోకి జరిపేసింది.

అయితే విభాగం నియమాల ప్రకారం, బెరుకు తొలగించే ఆట ఆడకుండా ఏ సమావేశమూ మొదలు కాకూడదు. మనిషిని ఉద్యోగంలోంచి తీసేసే సమావేశమైనా సరే.

“ఒక్కొక్కరూ మీ పేరు, మీ గురించి ఇక్కడ ఎవరికీ తెలియని ఒక విషయం చెప్పండి,” అంది డీన్ చిరునవ్వుతో. “ఆ తర్వాత బ్రిట్టా సంగతి తేల్చేద్దాం.”

ఒకడు తనకు వంకాయంటే పడదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకామె తన పిల్లికి మధుమేహమంది. చప్పట్లు ఇంకొంచెం గట్టిగా మోగాయి. వంతు ఓరిన్ దగ్గరికొచ్చింది. లేచి నిలబడ్డాడు. అతని బూట్లు తడిగా ఉన్నాయి.

“నా పేరు ఓరిన్ టేట్. లాండ్రీలో పోస్టర్ అంటించింది నేనే. బ్రిట్టాకి ఏమీ తెలీదు, దయచేసి ఆ కాగితం మీద సంతకం పెట్టేయండి. ఇంకోటి కూడా ఉంది. ఆ రోజు ఆ అబ్బాయి వెనకాలే పరిగెత్తి, రిజిస్ట్రార్ ఆఫీసు కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది కూడా నేనే. ఆ కోర్సు నుంచి అతని పేరు తీసేశారు, పెద్ద పనేం కాదు. నేను కావాలని చేయలేదండీ. చేరిన రోజు ఇక్కడ మన పనేంటని అడిగితే, అందరూ పిజ్జా ఎక్కడుందో చూపించారు. ఇక గుమ్మం మీద బోర్డు చదివి, మనం విద్యార్థులకు సేవ చేస్తామేమో అనుకున్నాను.”