వంపు దగ్గర ఎర్ర పిట్ట

అత్తగారిని బస్సెక్కించి, అటునుంచి అటే వెళ్ళి షాపు తెరవాలన్నది ఆ ఉదయం కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం. కొండమీది ఆ ఊళ్ళో ఆయన తాతగారి నాటి నుంచీ వాళ్ళది కళ్ళజోళ్ళ దుకాణమే. ఊరిని ఎవరైనా ఒక్క మాటంటే తనని అన్నట్టే ఉడుక్కుంటాడు. అత్తగారేమో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. కూతురింట్లో రెండు నెలలుంది గానీ, ఊరిని తిట్టకుండా ఒక్క పూటా కాఫీ తాగలేదు.

"చల్లగాలికని వస్తే పొగ తప్ప గాలే లేదు బాబూ. రొట్టె కొనాలన్నా వరసలో నిలబడాలి. మీ కిటికీలోంచి కొండ కనిపిస్తుందని పెళ్ళైన కొత్తలో మా అమ్మాయి మురిసిపోయేది. ఇప్పుడు ఎదురు మేడవాళ్ళు పళ్ళు తోముకోవడం కనిపిస్తోంది."

"ఊరికి పేరొచ్చాక జనం రారా అత్తయ్యా? దారులు తెలిసినవాడికి ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు. మీరు కూర్చోండి, చిటికెలో బస్టాండులో దింపేస్తాను" అన్నాడాయన, కారు తాళం గిరగిరా తిప్పుతూ.

గుమ్మంలోంచి భార్య హెచ్చరించింది. "పెద్ద రోడ్డున పోకండి. అసలే సీజను. ఈ బస్సు తప్పిందంటే మళ్ళీ నెలాఖరు దాకా సీటు లేదు!"

ఆ మాటకి కళ్ళజోళ్ళాయన తాళం తిప్పడం ఆపేశాడు. పడగ్గది అత్తగారికి ఇచ్చి, రెండు నెలలుగా ఆయన హాల్లో సోఫా మీద కాళ్ళు ముడుచుకుని పడుకుంటున్నాడు మరి. అందుకే ఎవరూ పోని పాత ఘాట్ రోడ్డు పట్టాడు. రోడ్డు నిజంగానే ఖాళీగా ఉంది. "చూశారా?" అని ఆయన గర్వంగా అనబోతుండగా అత్తగారు కిటికీ అద్దం దించింది. మలుపులో ఈడ్చి కొట్టిన గాలికి ఆవిడ భుజం మీది ఎర్ర శాలువా ఎగిరి లోయలోకి పోయింది.

"ఆపండి బాబూ! రిటైరైన రోజు పిల్లలందరూ కలిసి కప్పిన శాలువా అది!"

ఆయన కారు ఓ పక్కకి ఆపి, రెయిలింగు మీద వంగి చూశాడు. శాలువా దిగువన ఓ చెట్టు చివరి కొమ్మకి చిక్కుకుని రెపరెపలాడుతోంది. చెయ్యి అందదు, కర్రా అందదు. ఎలాగరా భగవంతుడా అని చూస్తుండగా వెనక ఓ కారు ఆగింది. దాంట్లోంచి టోపీ పెట్టుకున్న టూరిస్టు దిగాడు.

"ఏముందండీ అక్కడ?"

"ఎర్రది. ఆ కొమ్మ చివర" అన్నాడు కళ్ళజోళ్ళాయన, తల తిప్పకుండానే.

"కదులుతోందా?"

"కదలక? ఎగిరిపోయేలా ఉంది. గట్టిగా అరవకండి, నాకసలే కంగారుగా ఉంది."

టోపీవాడు పిల్లిలా అడుగులేసుకుంటూ కారు దగ్గరికెళ్ళి, పెళ్ళాంతో గుసగుసగా చెప్పాడు. "ఏదో ఎర్ర పిట్టట! కెమెరా తే!"

తర్వాత రెండు కార్లు ఆగాయి. ఆ తర్వాత ఓ వ్యాను. ఆగినవాళ్ళని చూసి ఆగినవాళ్ళు కొందరు, వాళ్ళని దాటిపోలేక ఆగినవాళ్ళు కొందరు. ఆగాం కాబట్టి దిగుదామని అందరూ దిగారు. "నాకేం కనపడటం లేదే" అని ఒకావిడ దిగులుపడితే కళ్ళజోళ్ళాయన అలవాటు కొద్దీ, "దూరపు చూపు తగ్గినట్టుంది, ఓసారి చెక్ చేయించుకోండి" అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక, కనిపించలేదన్న మనిషి మరి లేడు. ఒకాయనకి ముక్కు కూడా కనిపించింది.

పరిస్థితి ముదురుతోందని అప్పటికి ఆయనకి అర్థమైంది. "అయ్యా, అది పిట్టా కాదు, పాడూ కాదు. మా అత్తగారి శాలువా. దయచేసి బయల్దేరండి, నేను బస్సందుకోవాలి!"

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఈ ఊరివాళ్ళంతా ఇంతేనండీ. మంచి చోట్లన్నీ దాచేసుకుంటారు" అన్నాడు టోపీవాడు.

"మనల్ని పంపించేసి తనొక్కడే చూద్దామని!" అంది దూరపు చూపు ఆవిడ.

ఇంతలో ఓ గైడు తన గుంపుని నడిపించుకుంటూ వచ్చాడు. ఆ పిట్ట పన్నెండేళ్ళకోసారి గానీ కనపడదని, దాన్ని జంటగా చూసినవాళ్ళు కలకాలం కలిసుంటారని తడుముకోకుండా చెప్పేశాడు. దాంతో టోపీవాడు భార్యని ముందుకి లాగాడు. మొక్కజొన్న పొత్తుల బండి కూడా వచ్చేసింది. కిందికి పోయే బళ్ళూ, పైకి వచ్చే బళ్ళూ కొమ్ములు కలిపిన పొట్టేళ్ళలా ఎదురెదురుగా ఆగిపోయాయి. హారన్ల మోతకి లోయ దద్దరిల్లింది. కళ్ళజోళ్ళాయన కారు ఆ మధ్యలో ఎక్కడో మునిగిపోయింది.

సరిగ్గా అప్పుడు మలుపు తిరిగి ఓ బస్సు వచ్చి ఆగింది. నెంబరు చూసి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. అత్తగారి బస్సే! పెద్ద రోడ్డు జామయిందని ఇటు మళ్ళించారు. తనకన్నా అదృష్టవంతుడు లేడనుకుంటూ పరుగున వెళ్ళి, అత్తగారి పెట్టె తీసి, జనాన్ని తోసుకుంటూ తీసుకెళ్ళి బస్సు అడుగు అరలో పెట్టించాడు.

"అత్తయ్యా, రండి! బస్సే మన దగ్గరికొచ్చింది!"

కారు ఖాళీగా ఉంది. అత్తగారు రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. ఆవిడ రెండు చేతులూ గట్టిగా చరిచింది.

"నిశ్శబ్దం!"

హారన్లు ఆగిపోయాయి. ముప్పై ఏళ్ళు బడిని గడగడలాడించిన గొంతు అది.

"నీలం కారు! నిన్నే, దిక్కులు చూడకు. నాలుగడుగులు వెనక్కి. వ్యాను అబ్బాయ్, ముందు ఫోన్ జేబులో పెట్టు. మొక్కజొన్న బండి గోడ వారకి. టోపీ! నువ్వెందుకు నవ్వుతున్నావ్? వెళ్ళి నీ కారులో కూర్చో!"

టోపీ వెళ్ళి కూర్చుంది. ఒక్కో బండీ బుద్ధిగా కదిలింది. పొత్తుల వేడి చల్లారకముందే రోడ్డు చీలి, బస్సుకి దారి వచ్చింది. డ్రైవరు ఆవిడ పక్కన ఆపి, "ఎక్కండమ్మా, మీ సీటుంది" అన్నాడు వినయంగా.

"నేనెక్కితే వెనక వాళ్ళ సంగతెవరు చూస్తారు? నువ్వు పోనీ నాయనా, ఆగితే మళ్ళీ ముడిపడుతుంది. ఊఁ, పోనీ!"

ఆ గొంతుకి ఎదురుచెప్పడం డ్రైవరు వల్ల కాలేదు. బస్సు పెట్టెతో సహా వెళ్ళిపోయింది. "ఆపండి! పెట్టె!" అని అరుస్తూ కళ్ళజోళ్ళాయన వెంటపడ్డాడు గానీ, "రోడ్డు మీద పరిగెత్తకూడదు!" అని వెనకనుంచి గద్దింపు వినబడేసరికి ఠక్కున ఆగిపోయాడు.

వరస చివర ఓ జీపులో మున్సిపల్ కమిషనరు ఇరుక్కుని ఉన్నాడు. జరిగిందంతా చూసి, దిగి వచ్చి నమస్కారం పెట్టాడు. "అమ్మా, సీజన్ అయ్యేదాకా మీరు రోజూ ఇక్కడికి రాగలరా? మావాళ్ళు పదిమంది చెయ్యలేని పని ఇది."

ఆ సాయంత్రం కళ్ళజోళ్ళాయన సోఫాలో కూలబడి భార్యతో అన్నాడు. "ఇది ఊరు కాదు, సంత! మనిషన్నవాడు ఇక్కడ బతకలేడు. ఎక్కడికైనా పోదాం పద."

"తొందరపడకండి బాబూ" అంది అత్తగారు, కూతురి చీర కట్టుకుని కొత్త విజిల్ మెడలో వేసుకుంటూ. "ఊరు మంచిదే. చెబితే వినే జనం. ఇన్నాళ్ళూ చెప్పేవాళ్ళు లేరంతే."

వారం తిరగకుండానే ఆ వంపు దగ్గర ఎర్ర పిట్ట బొమ్మతో బోర్డు వెలిసింది. ఆదివారం నాడు భార్య పోరు పడలేక, ఆవిడని వెంటబెట్టుకుని ఆయన అత్తగారి డ్యూటీ చూపించడానికి బయల్దేరాడు. వంపు దగ్గర కారు నెమ్మది చేశాడో లేదో విజిల్ మోగింది.

"ఇక్కడ ఆపకూడదు బాబూ, ముందుకి పోండి!"

పోయాడు. ఆపుకోవడానికి చోటు దొరికేసరికి కొండ దిగిపోయారు.